వాననీటికి కాపరులెవరు?

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి చినుకులు పడగానే, భిలాయి సెక్టారులలో నివసించు మన తెలుగు కుటుంబములవారు వాకిళ్ళలోనికి వచ్చి నిలుచుట పరిపాటి. వేసవి యంతయు నిప్పులు చెరిగిన ఆకాశము ఒక్కసారిగ చల్లబడును. మట్టివాసన సోకగానే శ్రీకాకుళమో, విజయనగరమో, గోదావరి లంకలో మనస్సునకు వచ్చును. పిల్లలు కాగితపు పడవలు చేసి వాకిటి ముందరి కాలువలో వదలుదురు. పడవ కొంతదూరము పోయి, వీధి మలుపున కనబడకుండ పోవును. “పడవ పోయిన తరువాత ఆ నీరు ఎక్కడికి పోవును?” అని పిల్లవాడు అడిగినచో మనలో ఎందరు సరియైన సమాధానము చెప్పగలరు? ఆ నీటితోబాటు మన వాకిటినుండి ఏమేమి కొట్టుకొనిపోయినవో ఎందరు చూచితిమి?

మొదటి ప్రశ్నకు సమాధానము కొంత సులభము. భిలాయికి పడమట శివనాథ్ నదియు, తూర్పున ఖారున్ నదియు ప్రవహించుచున్నవి. ఖారున్ నది సిమ్గా సమీపమున సోమనాథ్ అను చోట శివనాథ్‌లో కలియును. కావున మన నేలమీద పడిన చినుకు ఏ నాలాలో పడి ఏ దిక్కునకు పోయినను, ఇంకగా మిగిలినది తుదకు శివనాథ్‌ను చేరవలసినదే. శివనాథ్ మహానదికి ఉపనది. మహానది, 1957లో జాతికి అంకితమైన హీరాకుడ్ జలాశయమును నింపి, కటకము మీదుగ పోయి బంగాళాఖాతమున కలియుచున్నది. దుర్గు పట్టణవాసులు త్రాగునది శివనాథ్ నీరు. రాయపూరు వాసులు త్రాగునది ఖారున్ నీరు. అనగా మన వాకిటి కాలువ ఒక కొన మన గడపయొద్దను, రెండవ కొన మరియొకరి పానపాత్రయందును ఉన్నదన్నమాట.

రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు చరిత్రలోనికి పోవలెను. దానికి ముందు ఈ నీరు మలినమగు తీరును గ్రహించుట అవసరము.

వాననీరు మేఘమునుండి విడివడునప్పుడు మిక్కిలి శుద్ధముగనే యుండును. గాలిలోని ధూళిని, పొగను కొంత కడిగికొనివచ్చిన మాట నిజమే గాని, అది చెడునది ముఖ్యముగ నేలను తాకిన పిమ్మటనే. మట్టినేలపై పడిన నీరు ఇంకును. ఇంకునప్పుడు మట్టి దానిని వడగట్టును. సిమెంటు నేలపై, తారురోడ్డుపై, ఇంటికప్పుపై పడిన నీటికి ఇంకు దారి లేదు, అది పరుగెత్తును. పరుగెత్తునప్పుడు మోటారుబండ్లనుండి కారిన నూనెను, చక్రములు అరిగిన పొడిని, పశువుల పేడను, కుక్కల మలమును, తోటలలో చల్లిన ఎరువును, పురుగుల మందును, పాలిథీను సంచులను తనతో తీసికొనిపోవును. వాన పరిమాణమును సామాన్యముగ తలచుట కూడదు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరు చేరును. నూరు చదరపు మీటర్ల కప్పుపై పది మిల్లీమీటర్ల వాన కురిసినచో వేయి లీటర్లు! ఒక్క ఇంటి లెక్క ఇది. వీధి యంతటికి, సెక్టారు కంతటికి లెక్క కట్టినచో అది చిన్న ఏరగును.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఎండకాలమున నెలల తరబడి పేరుకొనిన మాలిన్యములో అధికభాగమును మొదటి వాననీరే కడిగికొనిపోవును. మరుగుదొడ్ల నీరు మురుగు గొట్టములద్వారా శుద్ధిస్థానమునకు పోవు ఊళ్ళలో సైతము వానకాలువ వేరుగ నున్నచో, ఆ కాలువ నీరు ఏ శుద్ధియు లేకయే నదిని చేరును. కర్మాగారములనుండి వెలువడు నీటిపై 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము కాపలా యున్నది, తనిఖీచేయు మండళ్ళున్నవి. వాకిళ్ళనుండి, వీధులనుండి, సంతలనుండి కొట్టుకొనిపోవు నీటికి అట్టి ద్వారపాలకుడు లేడు. అది ఒక గొట్టమునుండి రాదు గనుక ఒక్కరిని పట్టుకొని అడుగుటకు వీలు లేదు. ఆ కాపలా ఎవరిది?

మన పూర్వులు ఈ ప్రశ్నకు ఒక సమాధానము కనుగొనిరి. తెలుగుదేశమున నదులకు దూరమైన ప్రాంతములయందు బ్రదుకంతయు చెరువులమీదనే నడచినది. చెరువు అనగా కట్టవేసి నిలిపిన వాననీరే గదా! కాకతీయ గణపతిదేవుని పరిపాలనమున (1199–1262) ఓరుగల్లు రాజ్యమందు వెలసిన మహాతటాకములను గూర్చి మనము తరచుగ గర్వించుచుందుము. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు నేటికిని నీరు పట్టుచున్నవి. ఆ పెద్ద చెరువులకన్న ఊరూర గొలుసుకట్టుగ కట్టిన చిన్న చెరువులు మన విషయమునకు మరింత ముఖ్యములు. పైచెరువు అలుగు పారిన నీరు క్రిందిచెరువునకు, దాని అలుగునీరు అటుక్రిందిదానికి చేరును. నీరు నిలిచిన ప్రతిచోటను మట్టియు మష్టును అడుగున దిగును. వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతులు ఆ పూడికమట్టిని బండ్లపై తోలుకొని తమ పొలములకు చల్లుకొనిరి. నీటికి మాలిన్యమైనది నేలకు ఎరువైనది. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరిట చెరువుల పూడిక తీయింప నారంభించినప్పుడు రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లతో పొలములకు తోలుకొనుట ఈ పాత అలవాటునకు కొనసాగింపే.

కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువుకట్టమీది శాసనము ఈ విద్యకు అపురూపమైన సాక్ష్యము. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, భవదూరుడని మారుపేరు గలవాడు, ఉదయగిరి ప్రాంతమును పాలించుచు కట్టించిన చెరువిది. శాసనము శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లకు చెరువు పూర్తియైనదని అందు చెప్పబడినది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములును, పరిహరింపదగిన ఆరు దోషములును అందు వివరింపబడినవి. తీయని నీరుగల నది సాధనములలో నొకటి. చవుటినేల దోషములలో నొకటి. రెండు రాజ్యముల సరిహద్దున చెరువు కట్టుటయు దోషమనియే చెప్పిరి. చెరువునకు నీరు ఎంత యని మాత్రమేగాక, ఎట్టిదని, దానిపై ఎవరి బాధ్యత యని కూడ ఆ శాసనకర్త ఆలోచించెను. ఇద్దరి సరిహద్దున నున్న నీటిని ఇద్దరును పట్టించుకొనరని ఆరున్నర శతాబ్దముల క్రిందటనే గ్రహించినవారిని మెచ్చుకొనక తప్పదు.

కట్టుట ఒక యెత్తు, కాచుట వేరొక యెత్తు. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేయించినవారికి దశబంధ మాన్యములను ఇచ్చు ఆచారము రాయలసీమలో విశేషముగ నుండెను. తూము తీసి మూయుటకు, కట్టను కనిపెట్టుటకు ఊరు ఒక మనిషిని నియమించెడిది. తెలంగాణమున అతడు నీరటి, రాయలసీమలో నీరుగంటి. అతనికి కళ్ళములో ధాన్యపు మేర ముట్టెడిది. కృష్ణా గోదావరి మండలములలో త్రాగుటకు మంచినీళ్ళ చెరువు వేరుగను, పశువులకు వేరుగను, చాకిరేవు వేరుగను ఏర్పరచుకొనిరి. మంచినీళ్ళ చెరువులో కాలు కడిగిన వానిని పెద్దలు మందలించెడివారని మన తాతల నోట వినియున్నాము. అచట పోలీసు లేడు, జరిమానా పుస్తకము లేదు. ఆ నీటినే సాయంకాలము తమ ఇంటి ఆడవారు కడవతో తెచ్చుకొందురన్న ఎరుకయే కాపలా.

ఈ ఏర్పాటును పొగడుచు, అందలి కళంకమును దాచుట చరిత్రకు ద్రోహము. శుచి పేరిట మన ఊళ్ళు నీటిని కాపాడుటయేగాక మనుష్యులను గూడ నీటికి దూరముంచినవి. అనేక గ్రామములలో నీరటి పని చేసి, చెరువు కట్టను రాత్రింబవళ్ళు కాచినవారు దళితులే. ఊరిబావిలో చేద వేయుటకు మాత్రము వారికి హక్కు లేకపోయెను. 1927 మార్చి 20వ తేదీన మహారాష్ట్రలోని మహాడ్ పట్టణమున డాక్టరు అంబేద్కరు వేలాదిమందితో చవదార్ చెరువునకు నడచి ఆ నీటిని చేత తీసికొని త్రాగుట మన దేశపు నీటి చరిత్రలో మరపురాని ఘట్టము. కావున పూర్వపద్ధతిలో మనము గ్రహింపవలసినది ఊరుమ్మడి కాపలాను. త్యజింపవలసినది అందలి వెలివేతను. అందరును సమముగ త్రాగు నీటికి అందరును సమముగ కాపరులు కావలెను.

మనము వచ్చి స్థిరపడిన ఈ ఛత్తీస్‌గఢ్ సీమ ఈ విషయమున మన తెలుగునాటికి సోదరియే. దుర్గు జిల్లాలోని ధమ్‌ధా పట్టణమున “ఛై ఆగర్ ఛై కోరీ” చెరువులుండెనని స్థానికులు చెప్పుకొందురు. కోరీ యనగా ఇరువది. ఆరు ఇరువదులు, ఆపైన ఆరు, మొత్తము 126. స్నానపానాదులకు ఊరివారు వాడుకొను చెరువును ఇచట నిస్తారీ తాలాబు అందురు. పురుషులకు, స్త్రీలకు, పశువులకు రేవులు వేరువేరు. క్రొత్తగ త్రవ్విన చెరువునడుమ కొయ్యస్తంభమును నాటి, చెరువునకు పెండ్లిచేయు ఆచారము ఈ సీమలో నున్నది. పెండ్లికాని చెరువు నీరు శుభకార్యములకు పనికిరాదని విశ్వాసము. దీనిని మూఢాచారమని నవ్వి ఊరకుండరాదు. పెండ్లినాడు ఊరంతయు వచ్చి భోజనముచేసి సాక్షిగ నిలుచును. ఆనాటినుండి ఆ చెరువు ఊరికి బంధువు. బంధువు ముఖాన చెత్తపోయుటకు ఎవరికి చేతులు వచ్చును? తొమ్మిది లక్షల ఓడియాలు, తొమ్మిది లక్షల ఓడనీలు చెరువులు త్రవ్విరని ఇచటి జానపదగాథలు పలుకుచున్నవి. ఆ త్రవ్వకపు పనివారి పేరు వినినప్పుడు మన వడ్డెరలు స్ఫురింపక మానరు.

ఇట్టి కాపలా ఎప్పుడు సడలినది? ఏకకారణము చెప్పుట సాహసము. కాని 1858వ సంవత్సరము ఒక గుర్తుగ నిలువదగినది. ఆ యేడు చెన్నరాజధానిలో ఆంగ్లప్రభుత్వము ఒక శాసనము చేసి, చెరువుల కాలువల మరమ్మతునకు గ్రామస్థులు చేయవలసిన ఆచారపు పనిని నిర్బంధము చేసెను. ఆచారము తనంతతాను నడచుచున్నప్పుడు దానికి శాసనముతో పనిలేదు. శాసనము వచ్చినదనగా ఆచారము అప్పటికే కుంటుపడినదని అర్థము. పన్ను వసూలు సర్కారు చేతికి పోయిన పిమ్మట చెరువు సర్కారుదే యన్న భావము జనులలో క్రమముగ నాటుకొనెను.

అదే యేడు వేసవిలో లండను మహానగరమున థేమ్సు నది దుర్గంధము భరింపరానిదై పార్లమెంటు సభ్యులు ముక్కులు మూసికొనవలసివచ్చెను. జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు అటుపిమ్మట బృహత్తరమైన భూగర్భ కాలువలను నిర్మించి నగరమును రక్షించెను. అందు మురుగునీటికిని వాననీటికిని ఒకే గొట్టము. జనాభా పెరిగిన కొలది, గట్టివాన కురిసినపుడెల్ల ఆ గొట్టములు పొంగి మురుగు నదిలో పడుట సాధారణమయ్యెను. దానిని ఆపుటకు థేమ్సు క్రింద 25 కిలోమీటర్ల సొరంగమును త్రవ్వి, 2025లో కాలువలన్నిటిని దానికి కలిపిరి. యంత్రశాస్త్రము ఎంతటి ఘనకార్యమైనను చేయగలదు. వీధిలో పడిన చెత్తను నీరు తాకకముందే తీయుటకన్న చౌకయైన ఉపాయమును మాత్రము అదియు కనుగొనలేదు.

మన భాగ్యనగరము చరిత్ర మనకు మరింత దగ్గరిది. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున కట్టబడిన హుస్సేన్‌సాగరము ఒకప్పుడు ప్రజలు త్రాగిన నీరు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలాదిమందిని పొట్టనబెట్టుకొనిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై వరదనివారణకు జలాశయములు నిర్మింపబడెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. నగరమునకు దూరమునుండి గొట్టములలో నీరు వచ్చినది. ఇంటి ముందరి హుస్సేన్‌సాగరము త్రాగునీరు కాకపోయినది. త్రాగువాడు తొలగగానే కాపరియు తొలగెను. కూకట్‌పల్లి నాలాద్వారా మురుగును, పారిశ్రామిక వ్యర్థములును దానిలో చేరి, ఒకనాటి మంచినీటి చెరువు ముక్కు మూసికొని దాటవలసిన స్థితికి వచ్చెను.

తరువాతి రెండు జలాశయములకు ఆ గతి పట్టకూడదని 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వు వెలువరించి, వాటిచుట్టు పది కిలోమీటర్ల మేర 84 గ్రామములలో కాలుష్యకారకములగు పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. సుప్రీంకోర్టు సైతము 2000వ సంవత్సరమున ఆ ఉత్తర్వును సడలించి ఒక నూనె కర్మాగారమునకు అనుమతినిచ్చుట చెల్లదని తీర్పుచెప్పెను. కాని 2022లో ప్రభుత్వము 69వ నంబరు ఉత్తర్వుతో ఆ నిర్బంధములను ఎత్తివేయ సంకల్పించినది. ఆ గ్రామములవారి వాదము గూడ వినదగినదే: నగరవాసి త్రాగు నీటికొరకు తమ భూముల విలువ ఇరువదియారేండ్లు స్తంభించిపోయెనని వారి ఆవేదన. పోరుమామిళ్ళ శాసనకర్త చెప్పిన సరిహద్దు దోషమే ఇచట మరల కనబడుచున్నది. కాచువాడు ఒకడు, త్రాగువాడు వేరొకడు అయినప్పుడు ఉత్తర్వు ఎంత బలమైనదైనను ఒకనాడు వీగిపోవును.

ఇక మన భిలాయిని చూతము. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత సోవియట్ ప్రభుత్వముల ఒడంబడిక జరిగెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబు రాజేంద్రప్రసాదు మొదటి ధమనకొలిమిని ప్రారంభించిరి. పొలములును చెరువులును ఉన్న పల్లెల నడుమ, కొలది సంవత్సరములలో, చక్కని వీధులు, చెట్లు, పాఠశాలలు గల ఉక్కునగరము లేచినది. మన పెద్దలు రేకుపెట్టెలతో రైలుదిగి ఈ నగరమును తమ చేతులతో నిర్మించినవారిలో ఉన్నారు. కొలిమికి, ఊరికి నీరు కావలెను. 1921లో పూర్తియైన తాండులా జలాశయమునుండి కాలువద్వారా నీరు వచ్చి మరోదా జలాశయములలో నిలిచి, శుద్ధియై, గొట్టములలో మన ఇండ్లకు చేరు ఏర్పాటు జరిగినది. ఇది గొప్ప సౌకర్యము. ఇంజనీర్లకు మనము ఋణపడియున్నాము. కాని హైదరాబాదులో జరిగినదే ఇచటను జరిగినది. మనము త్రాగునది తాండులా నీరు. మన వాకిటినుండి పోవునది వేరొకరు త్రాగు నీరు. కుళాయి త్రిప్పువానికి కాలువ కనబడదు.

త్రాగువాడు వేరైనను కాపలా సాధ్యమేనా? గత నలువది యేండ్లలో లోకమున జరిగిన యత్నములు సాధ్యమనియే చెప్పుచున్నవి. అమెరికా దేశము 1972 నాటి చట్టముతో మొదట కర్మాగారపు గొట్టములను అదుపుచేసెను. అయినను నదులు పూర్తిగ తేరుకొనలేదు. వీధుల వాననీరు గూడ దోషియని పరిశోధనలు చూపగా 1987లో చట్టమును సవరించి వానకాలువలను గూడ దాని క్రిందికి తెచ్చిరి. ఆ పిమ్మట మేరీలాండు రాష్ట్రపు ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో ఇండ్ల ముందర ‘వానతోటలు’ వెలసినవి. ఇంటికప్పునుండి, వీధినుండి వచ్చు నీటిని పల్లపు మడిలోనికి మళ్ళించి, అందు ఇసుక, మట్టి కలిపి, వేరుబలము గల మొక్కలు నాటుదురు. నీరు అందు నిలిచి, వడగట్టబడి, భూమిలోనికి ఇంకును. గృహస్థులే మడిని కలుపుతీసి కాపాడుదురు. వానకాలువ మూతలపై “ఇది నదికి పోవును” అను అర్థము గల మాటలను రంగుతో వ్రాయుట గూడ ఆ దేశమున పలు పట్టణములలో విద్యార్థులును పౌరులును చేపట్టిన పని.

అంతదూరము పోనక్కరలేదు. 2000 నవంబరు 1వ తేదీవరకు మన భిలాయి భాగమైయుండిన మధ్యప్రదేశమున, ఇందూరు నగరవాసులు నాలాలలో పడుచుండిన వేలాది ఇండ్ల మురుగును భూగర్భ మురుగు గొట్టములకు కలిపించుకొనిరి. 2021లో ఆ నగరము దేశమున ‘వాటర్ ప్లస్’ గుర్తింపు పొందిన మొదటి నగరమయ్యెను. మన ఛత్తీస్‌గఢ్‌లోనే అంబికాపూరులో స్వయంసహాయక సంఘముల స్త్రీలు ఇంటింటికి పోయి చెత్తను సేకరించి, విడదీసి, అమ్మదగినదానిని అమ్మి, కుళ్ళునదానిని ఎరువుచేసి, ఊరి చెత్తకుప్పనే తొలగించిరి. వీధిలో చెత్త లేనప్పుడు వాన దేనిని కొట్టుకొనిపోగలదు? 2019లో ఈ రాష్ట్రప్రభుత్వము ‘నర్వా, గర్వా, ఘుర్వా, బాడీ’ యను పేర ఒక పథకము నారంభించెను. నర్వా యనగా వాగు, గర్వా యనగా పశువులు, ఘుర్వా యనగా పెంటగుంట, బాడీ యనగా పెరటితోట. పేడ గుంటలో ఉన్నచో ఎరువు, వాగులో పడినచో విషము. పెరటికి పోవలసినది పెరటికి పోయినచో వాగు తేటగ పారును. ఈ నాలుగు మాటలలో పల్లెవారి వివేకమంతయు ఇమిడియున్నది.

ఈ సంగతి మన ఆరోగ్యమునకు సంబంధించినది గూడ. 2018 వర్షకాలమున భిలాయిలో డెంగ్యూజ్వరము ప్రబలి పలు కుటుంబములను శోకమున ముంచినది. పిల్లలను పోగొట్టుకొనిన తల్లుల దుఃఖమును ఆనాడు ఈ ఊరు చూచినది. ఆ దోమ మురుగుకన్న తేటగ నిలిచిన నీటిలోనే గ్రుడ్లు పెట్టును: కూలరు తొట్టెలో, పాతటైరులో, ఆకులడ్డుపడి నీరు నిలిచిన గట్టరులో, విసరివేసిన పాలిథీనులో. గ్రుడ్డు దోమగుటకు దాదాపు వారము పది దినములు చాలును. కావున వాననీటిని ఆపవలెను గాని నిలువయుంచరాదు. వానతోట యైనను ఇంకుడుగుంట యైనను ఒకటి రెండు దినములలో నీటిని ఇంకింపగలిగినప్పుడే మంచిది. ఇంకనిది దోమల పెంపకపు తొట్టి. నీరు పట్టు పీపాకు మూత తప్పనిసరి.

ఇక మనము చేయదగినది ఏమి? పెద్ద నిర్మాణములు నగరపాలకుల పని. కాని తొలకరికి ముందు పదిహేను దినములలో ఒక ఆదివారమున వీధివారందరు కలిసి వాకిటికాలువను శుభ్రపరచి, తీసిన మష్టును గట్టుననే వదలక తరలింపించినచో, తొలివాన తీసికొనిపోవు మాలిన్యములో పెద్దభాగము ఆగును. గట్టున వదలినది మొదటి జల్లుకే మరల కాలువలో పడునని మనకు అనుభవమే. స్కూటరును, కారును సిమెంటు నేలపైగాక గడ్డినేలపై కడుగవచ్చును. మార్చిన ఇంజను నూనెను కాలువలో పోయక డబ్బాలో పట్టి మెకానిక్కునకు అప్పగింపవచ్చును. ఇంటికప్పు నీటిని, అధికారుల అనుమతి గైకొని, పెరటిలోని ఇంకుడుగుంటకు మళ్ళింపవచ్చును. వంటయింటి తుక్కు మన పెరటి ఘుర్వాలో పడినచో కరివేపచెట్టునకు, గోంగూరమడికి ఎరువగును. వినాయకచవితికి పత్రితోబాటు మట్టి వినాయకుని తెచ్చి, ఇంటి తొట్టెలోనే నిమజ్జనముచేసి, ఆ మట్టిని మొక్కకు పోయవచ్చును. పూర్వమందు మన ఇండ్లలో పూజించినది మట్టి విగ్రహమునే గదా.

వీటన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి. మన పూర్వుల నీరటి పదవిని పునరుద్ధరింపవలెను. ప్రతి వీధిలోను వారమున కొక ఇంటివారు వంతున ఆ పదవిని స్వీకరింతురు గాక. పని స్వల్పము: వాన వెలసిన పిమ్మట పిల్లలను వెంటబెట్టుకొని, గొడుగు చేతబట్టి, కాలువవెంట వీధి చివరిదాక నడచిరావలెను. ఎచట అడ్డుపడినది, ఎచట నూనె తేలుచున్నది, ఎవరి చెత్త జారినది చూచి, చేతనైనది సరిచేసి, చేతకానిది సంబంధించినవారికి వ్రాయవలెను. ఈ వంతు అధికారి ఇంటికిని, కార్మికుని ఇంటికిని సమానముగ రావలెను. పారిశుధ్య కార్మికునిపై మాత్రమే నెట్టరాదు. మన పాతకాలపు నీరటికి చేసిన అన్యాయమునకు ఇదియొక చిన్న ప్రాయశ్చిత్తము. తెలుగువారము మాత్రమే చేసిన చాలదు. పక్కయింటి బెంగాలీ సోదరుడు, ఎదురింటి మలయాళీ సోదరి, ఛత్తీస్‌గఢీ మిత్రుడు అందరును కూడినప్పుడే వీధి పూర్తియగును. అన్ని భాషలవారు కలిసి కొలిమి వెలిగించిన ఊరిది. కాలువను తేటపరచుటకు కలియలేరా?

పిల్లవాని కాగితపు పడవకు మరల వత్తము. ఆ పడవ తడిసి చిరుగును గాని, దానిని మోసిన నీరు ఆగదు. శివనాథ్ దాటి, మహానది దాటి, అది కలియు సముద్రము మనకు క్రొత్తది కాదు. అది భీమిలి, కళింగపట్నపు తీరములను తాకు బంగాళాఖాతమే. మన ఊరి ఒడ్డున నిలిచి మన అక్కచెల్లెండ్రు చూచు అలలలో భిలాయి వాకిటినీరును కలదు. ఆ సముద్రమునుండి లేచిన మేఘమే మరల మన సెక్టారులపై కురియుచున్నది. పుట్టినింటికిని మెట్టినింటికిని నడుమ తిరుగాడు ఈ నీటిని, మన చేతినుండి పోవునప్పుడు పొందినంత తేటగ పంపుదము. రాబోవు మృగశిరలో పడవ ఎక్కడికి పోవునని పిల్లవాడు అడిగినప్పుడు, వాని చేయిపట్టుకొని కాలువవెంట నడచి చూపుదము.